సగం కట్ట నోటికి, సగం కట్ట కాలువకి

నాకున్న వ్యసనం ఒక్కటే. భోజనమయ్యాక రెండు తమలపాకులు, కాస్త సున్నం, ఒక వక్క పలుకు. కోనసీమలో పుట్టినవాడికి అది వ్యసనం కిందకి రాదని నేను, వస్తుందని మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా వాదించుకుంటున్నాం. ఆవిడ వాదనలో పస ఉందని తొంభైల మధ్యలో ఒక సోమవారం నాడు నాకు తెలిసింది కానీ, ఆ సంగతి ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. మొక్కల తెగుళ్ళ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, మీ రోజుల్లో సర్వేలు ఎలా చేసేవారని అడుగుతుంటారు. బాగా చేసినవి ఎవరైనా చెబుతారు. నేను చెడగొట్టినదాని గురించి చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

అప్పట్లో మా ఆఫీసు రాజమండ్రిలో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. మనుషులం నలుగురం. మా పై అధికారిని ఎదురుగా సార్ అనీ, వెనకాల పెద్దాయన అనీ అనేవాళ్ళం. ఆయన కడుపు సున్నితం. ఇంటి దగ్గర కాచి చల్లార్చిన నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. పెళ్ళికి వెళ్ళినా ఆ ఫ్లాస్కు చంకలోనే ఉండేది. ఆఫీసు ఫోను మీద కూడా ఆయనకి అంతే జాగ్రత్త, డయలుకి చిన్న తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకునేవారు. ఆయన తరవాత నేను. నా తరవాత అటెండరు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీయని మనిషి. ఇక నాలుగోవాడు జీపు డ్రైవరు. జీపు కదిలినప్పుడు తప్ప ఆయన మాకు కనపడేవాడు కాదు.

అంతకు ముందు వానల్లో ఏజెన్సీ అడవిలో కొత్తగా నాటిన మొక్కలు గుంపులు గుంపులుగా వాలిపోయాయి. ఆకు వేలాడటం, మొదలు దగ్గర కాండం నల్లబడటం, వారంలో మొక్క పోవటం. ఇది ఫైటాఫ్తొరా అనే బూజు పనేనని పెద్దాయన తేల్చారు. మాలో మేం దాన్ని బూజు అనే అనేవాళ్ళం. నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి వేరు పట్టుకునే రకం అది. అయితే అది ఎక్కడ కాపురం ఉంటోంది? అడవి మట్టిలోనా, వాగుల్లోనా, లేకపోతే కింద నర్సరీల్లో పెరిగి లారీలెక్కి పైకి వెళ్ళిన మొక్కల్లోనా? అది తేల్చమని మమ్మల్ని పంపారు. కొండల మీది వాగుల దగ్గర మొదలుపెట్టి, ధవళేశ్వరం దాటి, కాలువల వెంట మడ అడవుల దాకా మొక్కలూ మట్టీ నీళ్ళూ పరీక్షించాలి.

నీళ్ళని చూస్తే బూజు కనపడదు. దానికి ఎర వెయ్యాలి. పాత దోమతెర గుడ్డతో చిన్న సంచి కుట్టి, అందులో నాలుగు లేత ఆకులు పెట్టి, వెదురు కర్రకి కట్టి వాగులో వదిలేవాళ్ళం. నీళ్ళలో బూజు ఉంటే వచ్చి ఆకుని పట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులకి తడి తడిగా నల్ల మచ్చ వస్తుంది. మట్టి అయితే గాజు డిష్షులో పోసి, పైన నీళ్ళు పోసి, ఆకు ముక్క తేలేలా వేస్తాం. వీటితోపాటు ఉత్త కాచిన నీళ్ళలో కూడా ఒక ఆకు వేసి పక్కన పెట్టాలి. దాన్ని చెక్ అంటాం. అందులో మచ్చ రాకూడదు. వచ్చిందంటే మన పనిలోనే ఏదో తేడా ఉన్నట్టు.

మొదట్లో నిమ్మాకులు ఎర వేశాం. ఆ నిమ్మచెట్టు పెద్దాయన ఇంటి పెరట్లోది. నెల తిరిగేసరికి చెట్టు గుండు కొట్టించుకున్నట్టయింది. వాళ్ళావిడ ఒకరోజు వీధిలోకి వచ్చి, ఇంక ఒక్క ఆకు తుంచినా ఊరుకునేది లేదని, వచ్చే ఏడు ఊరగాయకి కాయలు ఎవరిస్తారని బాబాయిని నిలబెట్టి అడిగారు. పెద్దాయన అధికారం మా ఆఫీసు గడప వరకే. నిమ్మాకులు ఆగిపోయాయి.

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. తమలపాకు తోటలకి ఈ బూజు జాతి పాత శత్రువు. అంత ఇష్టంగా పట్టుకునే ఆకు ఉండగా వేరే ఎర ఎందుకు? ఆఫీసు ఎదురుగా కిళ్ళీ కొట్టులో నాకు రోజూ ఒక కట్ట వాడుక. అదే కట్టలో సగం నోటికి, సగం కాలువకి అన్నాను. పెద్దాయన ఎంత సంతోషించారంటే, స్థానికంగా దొరికే కొత్త ఎర కనిపెట్టామని సెమినారుకి ఇంగ్లీషులో ఒక పేపరు కూడా మొదలుపెట్టేశారు.

ఇంకో తెలివైన పని కూడా అప్పుడే చేశాను. డిష్షులు చాలటం లేదు. నిమ్మాకులతో చేసినన్నాళ్ళూ చెక్‌లో ఒక్క మచ్చా రాలేదు. రానిదాని కోసం రోజూ ఒక డిష్షు దండగ ఎందుకని చెక్ మానేశాను.

ఇక ఆ తరవాత చూడాలి మా అదృష్టం. కొండ మీద ఊటలో పెట్టినా మచ్చ, కాలువలో పెట్టినా మచ్చ, మడ అడవి ఉప్పు నీళ్ళలో పెట్టినా మచ్చే. వేసిన ప్రతిచోటా చేప పడుతుంటే జాలరికైనా అనుమానం వస్తుంది. నాకు గర్వం వచ్చింది.

ఆ రోజుల్లోనే ధవళేశ్వరం నుంచి కిందికి దిగే ఒక కాలువ గట్టు మీది నర్సరీకి వెళ్ళాం. గట్ల మీదా రోడ్ల పక్కనా అడవిలోనూ నాటే గానుగ, నిద్రగన్నేరు, నేరేడు మొక్కలు అక్కడ నల్ల పాలిథీన్ సంచుల్లో పెరిగేవి. ఏడెనిమిది మంది ఆడకూలీలు, వాళ్ళ మీద ఒక మేస్త్రి. ఆవిడా ఆడమనిషే, యాభై దాటి ఉంటాయి. అందరూ మేస్త్రమ్మ అనేవారు. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నా రోజుకూలీయే తప్ప పర్మనెంటు కాదు.

నేను జీపు దిగి దర్జాగా నడుచుకుంటూ మడుల మధ్యకి వెళ్ళాను. నోట్లో కిళ్ళీ ఉంది. ఆవిడ చేతిలో తట్ట కింద పెట్టి ఎదురొచ్చింది.

“మడుల్లో ఉమ్మెయ్యకండి బాబు గారూ. అవతల గట్టుందండి,” అంది.

బాబాయ్ పక్కకి తిరిగి దగ్గాడు. నేను గట్టు దాకా వెళ్ళి వచ్చి, ఆ ఉక్రోషం ఏదో తీర్చుకోవాలి కాబట్టి, తెగులు గురించి ఆవిడకి ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ చివరి దాకా వింది.

“మా మొక్కలకి తెగులు లేదండి. ఉంటే నాకు తెలీదాండి? పొద్దున్న లేస్తే వీటి మొహాలే కదండీ చూసేది.”

కంటికి కనపడేది కాదమ్మా, మైక్రోస్కోపులో చూడాలి అన్నాను. అయితే చూసి చెప్పమంది. తనే కూర్చుని ఒక్కొక్క మడిలోంచి మట్టి తీసి, కాగితాల్లో పొట్లాలు కట్టి ఇచ్చింది. ఆ పొట్లాలు మా ఆఫీసులో ఎవరూ కట్టనంత పొందిగ్గా ఉన్నాయి.

అన్నిట్లోనూ మచ్చ వచ్చింది. రాక చస్తుందా. రిపోర్టు రాశాను, పెద్దాయన సంతకం పెట్టారు, పైకి వెళ్ళింది. నర్సరీలు చూసే పై అధికారులు ఈసారి మామూలుగా చేసే ఆలస్యం చెయ్యలేదు. మొక్కలన్నీ పీకి తగలబెట్టాలని, తెగులు రానిచ్చిన మేస్త్రిని తీసేసి వేరే మనిషిని పెట్టుకోవాలని అక్కడ అనుకుంటున్నట్టు కబురొచ్చింది. నాకు కొంచెం జాలేసింది. శాస్త్రం ముందు జాలి పనికిరాదని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. కడుపు నిండినవాడికి అలాంటి మాటలు బాగా వస్తాయి.

ఆ తరవాతి సోమవారం మామూలుగా డిష్షులు వరసగా పెట్టుకుని చూస్తున్నాను. చివర ఒక డిష్షుకి చీటీ లేదు. అందులో ఆకు మీద మచ్చ అన్నిటికంటే బాగా వచ్చింది. అంచు కోసి మైక్రోస్కోపు కింద పెడితే నిమ్మకాయ ఆకారంలో బూజు తిత్తులు, పాఠ్యపుస్తకంలో బొమ్మలాగా ఉన్నాయి. ముచ్చటేసి, ఇది ఏ వాగుది బాబాయ్ అని అడిగాను.

బాబాయ్ నోట్లోంచి చుట్ట తీశాడు. అది చూసినప్పుడే నాకు భయం వెయ్యాల్సింది.

“పెద్దాయన గారి ఫ్లాస్కులోదండి. శుక్రారం ఆయన భోజనానికి లేచినప్పుడు ఓ గ్లాసుడు వంచేను. కాచిన నీళ్ళలో కూడా మీ బూజు ఉందంటే, ఆయన కడుపునొప్పికి కారణం దొరికినట్టేనండి. లేదంటే మన ఆకులోనే తేడా అయ్యుంటదండి.”

లేచి ఎదురుగా కిళ్ళీ కొట్టుకి వెళ్ళాను. పన్నెండేళ్ళ వాడుకలో మొదటిసారి, ఆకులు ఎక్కడ పెడతావని అడిగాను. కొట్టువాడు సంబరంగా బల్ల కింద నుంచి గోనె పక్కకి లాగి ఒక సిమెంటు తొట్టి చూపించాడు. అది వాళ్ళ నాన్న కట్టించిన తొట్టి. నీళ్ళు ఎప్పుడూ పూర్తిగా పారబొయ్యరట. తగ్గితే కాలువ నీళ్ళు ఓ బిందె పోస్తారట. అందుకే తన ఆకు నాలుగు రోజులైనా నవనవలాడుతుందన్నాడు. ఏ తోటలో ఆకు వచ్చినా ఆ తొట్టిలో మునగాల్సిందే. ఒక్క తోటకి తెగులున్నా చాలు, కట్టలన్నిటికీ అంటుకుంటుంది. నేను ఆకుని పైపైన స్పిరిట్‌తో తుడిచేవాణ్ణి కానీ బూజు అప్పటికే లోపల కూర్చుని ఉంది. నా నోట్లో పడ్డ సగానికి మచ్చ వచ్చే తీరిక లేదు. కాలువకి వెళ్ళిన సగానికి ఉంది.

ఆ కొట్టు పక్కనే ఎస్టీడీ బూతు. వెనకాలే వచ్చిన బాబాయ్ దాని వంక చూశాడు.

“ఓ ఫోను కొట్టెయ్యండి బాబూ. మొక్కల జోలికి వెళ్ళొద్దని చెప్పండి. కారణం తరవాత నిదానంగా చెబుదురు గాని.”

“నిర్ధారణ కానీ బాబాయ్. మళ్ళీ డిష్షులు పెడదాం. గురువారానికి తేలిపోతుంది,” అన్నాను.

నిర్ధారణ చాలా గౌరవమైన మాట. దాని వెనకాల ఎంత పిరికివాడైనా దాక్కోవచ్చు. నాకు నిర్ధారణ అప్పుడే, ఆ తొట్టి దగ్గరే అయిపోయింది. మూడు నెలల సర్వే అంతా నా కిళ్ళీ అలవాటు మింగేసిందని పెద్దాయనకి ఎలా చెప్పాలా అన్నదే నా బాధ. ఆయన పేపరు అప్పటికే సెమినారుకి వెళ్ళిపోయింది. మంగళవారం రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి పెన్సిలు, ఒకసారి గుండుసూదులు అడిగి వచ్చాను. బుధవారం అదీ లేదు.

గురువారం పొద్దున్నకి తేలింది. కాచిన నీళ్ళలో తమలపాకుకి మచ్చ వచ్చింది, అదే నీళ్ళలో నిమ్మాకు పచ్చగా ఉంది. ఆ నిమ్మాకు బాబాయ్ పెద్దాయన పెరటి గోడ మీంచి చెయ్యి పెట్టి తెచ్చింది. రెండు డిష్షులూ పట్టుకుని లోపలికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు డిష్షుల వంక చూశారు. తరవాత ఫ్లాస్కు ఎత్తి, ఊపి చూసి, దీన్ని ఎవరు ముట్టుకున్నారని అడిగారు. బాబాయ్ గోడ మీద క్యాలెండరులో తిథి చూసుకుంటున్నాడు. పెద్దాయన జీపు తియ్యమన్నారు.

దారిలో ఆయన ఒక్క ప్రశ్నే వేశారు.

“నర్సరీకి ఫోను చేశావా?”

“లేదు సార్.”

“తాళంచెవి నా దగ్గరుందనా?”

ఔననెయ్యటం ఎంత సులువో నాకు ఇప్పటికీ గుర్తే. కాదు సార్, ఎదురుగా బూతు ఉంది అన్నాను.

గట్టెక్కగానే కాలిన పచ్చి ఆకు వాసన వచ్చింది. నర్సరీలో సగం మడులు ఖాళీ. సంచులు చింపి మట్టి ఒకవైపు పోశారు. ఇంకోవైపు బూడిద, అందులో కాలీ కాలని గానుగ పుల్లలు. మిగిలిన సగం ఆ రోజు పీకటానికి కూలీలు అప్పుడే కొంగులు బిగించుకుంటున్నారు. నర్సరీ అధికారి ఒకాయన గొడుగు కింద కుర్చీలో ఉన్నారు. పెద్దాయన ఆయనతో నాలుగు మాటలు చెప్పి పని ఆపించారు. తరవాత నా వైపు తిరిగి, మేస్త్రికి నువ్వే చెప్పాలన్నారు.

ఆవిడ పీకిన మడి గట్టు మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడి, మీ మొక్కలకి తెగులు లేదమ్మా, తప్పు నా ఆకుల్లో ఉంది అని చెప్పాను. కిళ్ళీ కొట్టు, తొట్టి, ఫ్లాస్కు అన్నీ చెప్పాను. కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు.

“మీకెప్పుడు తెలిసిందండీ?”

ఈ రోజు పొద్దున్న అనవచ్చు. కాగితాల ప్రకారం అదే నిజం కూడా. బాబాయ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు కానీ అతను నా మాట కాదనే మనిషి కాదు.

“సోమవారం,” అన్నాను.

ఆవిడ బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. సోమారం, మంగళారం, బుధారం.

“నిన్న పొద్దున్న పీకమన్నారండి. మా చేతే పీకించారండి. నిన్న పొద్దున్నండి,” అంది.

ఉద్యోగంలో నాకు మెమోలు వచ్చాయి, ఒకసారి ఇంక్రిమెంటు కూడా ఆగింది. ఆ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు. పదిహేనేళ్ళు వాటి మొహాలు చూసి లేచిన మనిషి చేత నేను వాటిని పీకించాను. ఆపటానికి ఒక్క ఫోను చాలు, అది చెయ్యకుండా గుండుసూదులు అడుక్కొచ్చాను.

నేనేం చెయ్యాలో చెప్పమ్మా అన్నాను. ఊరికే అనే మాటే అది, అలాంటప్పుడు అందరం అంటాం. ఆవిడ మాత్రం ఊరికే తీసుకోలేదు. లేచి వెళ్ళి ఖాళీ సంచుల కట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“మట్టి నింపాలండి.”

పెద్దాయన వైపు చూశాను. ఆయన జీపెక్కి, సాయంత్రం బస్సుకి రమ్మని చెప్పి వెళ్ళిపోయారు. బాబాయ్ మాత్రం నాతో ఆగిపోయాడు. ఇద్దరం చొక్కాలు విప్పి కొమ్మకి తగిలించి, కూలీల మధ్య గొంతుక్కూర్చున్నాం. మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచుల్లో నింపటం చూడటానికి ఏముంది అనిపిస్తుంది. నా మొదటి పది సంచులూ మేస్త్రమ్మ చేత్తో తట్టి చూసి, మళ్ళీ కుప్పలో కుమ్మరించేసింది. అంత కూరితే వేరుకి ఊపిరాడదట. తరవాతి పదీ వదులుగా ఉండి వాలిపోయాయి. డిగ్రీలు రెండున్న నన్ను చూసి కూలీలకి ఆ పూటంతా కాలక్షేపం. బాబాయివి మాత్రం ఒక్కటీ తియ్యలేదు. చుట్ట నోట్లో పెట్టుకునే నింపాడు.

వానలు వచ్చేదాకా ప్రతి ఆదివారం వెళ్ళాను. కిళ్ళీ వేసుకోకుండా వెళ్ళేవాణ్ణి. ఈలోగా నిమ్మాకులతో సర్వే అంతా మళ్ళీ చేశాం, పక్కన చెక్ పెట్టి మరీ చేశాం. ఊరగాయ సంగతి పెద్దాయనే ఇంట్లో ఎలాగో సర్దుకున్నారు. చివరికి బూజు కొండ మీద ఒక వాగులోనూ, కింద రెండు కాలువల్లోనూ తేలింది. నర్సరీ మట్టిలో లేదు. మేస్త్రమ్మని తియ్యలేదు. పెద్దాయన సెమినారు పేపరు వెనక్కి తెప్పించుకుని, పర్యవేక్షణ లోపం నాదేనని పైకి రాసేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఫోనుకున్న తాళం తీసి, ఫ్లాస్కు పెట్టే బీరువాకి వేశారు.

మీరు ఇప్పుడు మచ్చ కోసం నాలుగు రోజులు కాచుకోనక్కర్లేదు, మిషన్లు పూటలో చెప్పేస్తాయట. మంచిదే. చెక్ పెట్టండి. అది పుస్తకంలోనూ ఉంది కాబట్టి ఎలాగూ పెడతారు. తప్పు తెలిసిన రోజునే చెప్పెయ్యాలని ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు నాకు కనపడలేదు, అందుకని నేను చెబుతున్నాను.

ఆ ఏడు బతికిన సగం మొక్కల్ని వానల్లో కాలువ రోడ్డు పక్కన నాటేశారు. మేం నింపిన సంచుల్లో వేసిన గింజలు ఎదిగి మట్టిలోకి వెళ్ళటానికి ఇంకో ఏడు పట్టింది. కొన్నేళ్ళకి బస్సులో ఆ దారిన వెళుతూ నర్సరీ దగ్గర దిగాను. మేస్త్రమ్మకి చూపు తగ్గింది కానీ నన్ను గొంతుతో పట్టేసింది. నోట్లో ఏమన్నా ఉందా అని ముందు అడిగింది. లేదన్నాక గట్టు దాకా తీసుకెళ్ళి చెట్లు చూపించింది. గుబురుగా ఎదిగిన గానుగలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక బారు మాత్రం వాటి కంటే పొట్టిగా ఉంది.

“అయ్యి మీవండి. బానే ఎదిగేయండి. ఓ ఏడు ఎనకున్నాయి, అంతే,” అని, మళ్ళీ తనే, “మూడ్రోజులికి ఏడాది పట్టిందండి,” అంది.

ఇప్పుడు ఆ చెట్లన్నీ ఒకే ఎత్తుకి వచ్చేశాయి, ఎవరూ తేడా కనిపెట్టలేరు. మేస్త్రమ్మా లేదు, బాబాయీ లేడు. ఆ రోడ్డు మీద బస్సు వెళ్ళినప్పుడల్లా నా బొటనవేలు దానంతటదే వేళ్ళ కణుపుల మీద కదులుతుంది. ఏం లెక్కపెడుతున్నారని మా ఆవిడ అడుగుతుంది. ఏం లేదు, కిళ్ళీ మానేసి ఎన్నాళ్ళయిందోనని అంటాను. మీరెక్కడ మానేశారు అంటుంది.